దుప్పికి కనబడని రంగు

అనగనగా మోదుగులు విరగబూసే ఒక అడవి. ఆ అడవిలో రాయుడని ఒక దుప్పి. కొమ్ములు బారెడు, తెలివి బెత్తెడు. కొమ్ములైతే దూరం నుంచే కనబడతాయి, తెలివి కనబడదు కదా! అందుకే మంద అంతా కలిసి వాణ్ణే పెద్దగా పెట్టుకుంది. వాడికో కూతురు. పేరు బుజ్జి. పుట్టి మూడు నెలలు.

మంద మేసేచోట చెట్ల మీద ఒక ముసలి కొండముచ్చు ఉండేది. దాన్ని అందరూ నల్లమూతి అవ్వ అనేవారు. అవ్వ చిగుళ్లు సగం తిని సగం కింద పడేసేది. దుప్పులు అవి మేసేవి. అవ్వ పైనుంచి "ఖక్! ఖక్!" అని దగ్గిందంటే పులి వస్తోందని గుర్తు. వెంటనే పరిగెత్తాలి. అది తాతల నాటి కట్టుబాటు.

ఒకరోజు అవ్వ దగ్గింది. మంద పరుగు తీసింది. తన గుట్టు బయటపడిందని పులి వెనక్కి పోయింది. రాయుడు తిరిగొచ్చి చూస్తే గడ్డి తప్ప ఏమీ లేదు.

"ఏం చూశావే ముసలీ?" అన్నాడు.

"పులిని చూశాను నాయనా. పచ్చగడ్డిలో మోదుగపువ్వు రంగు ఒళ్లు, దాని మీద నల్లచారలు."

"మోదుగపువ్వుకి వేరే రంగేమిటి? ఆకు ఎలా ఉందో పువ్వూ అలాగే ఉంది!" అని రాయుడు ఇకిలించాడు.

నిజమే, వాడి కంటికి అలాగే ఉంది. అందులో వాడి తప్పేమీ లేదు. తప్పంతా ఆ తర్వాత చేసినదాంట్లో ఉంది.

మూడు రోజులకి అవ్వ మళ్లీ దగ్గింది. ఈసారి పరుగులో రాయుడి కొమ్ములు ముళ్లపొదలో చిక్కుకున్నాయి. మంద అంతా చూస్తుండగా గింజుకుని గింజుకుని బయటపడ్డాడు. ప్రాణం దక్కిందని సంతోషించాలా వద్దా? పరువు పోయిందని మండిపడ్డాడు! ఆ సాయంత్రమే సభ పెట్టాడు.

"ముసలిది చెప్పే ఆ రంగుని చూసినవాళ్లు ముందుకాలు ఎత్తండి!"

ఒక్క కాలూ లేవలేదు.

"చూశారా! నలభై మందిలో ఒక్కరూ చూడని రంగు ఉంటుందా? ఇకమీద అవ్వ దగ్గితే ఎవరూ కదలకూడదు. కదిలితే మందలోంచి వెలి!"

దుప్పులన్నీ తలలూపాయి. తల ఊపడానికి తెలివితో పనేముంది?

పక్కనే పూలమీద వాలిన తేనెటీగ ఆగలేకపోయింది.

"అయ్యా, వెలుగంటే అలలు. పొడుగు అలలుంటాయి, పొట్టి అలలుంటాయి. ఒక్కో అలది ఒక్కో రంగు. పులి ఒంటి మీంచి వచ్చేవి ఎక్కువగా పొడుగు అలలు. వాటిని పచ్చనివాటి నుంచి విడదీసి చూడటం మీ కళ్లకి రాదు. ఎరుపు నాకూ అందదు, నల్లగా కనబడుతుంది. కానీ మరీ పొట్టి అలలు నాకు అందుతాయి. కొన్ని పూలమీద తేనెకి దారి చూపే గీతలుంటాయి. అవి అవ్వకి కూడా కనబడవు."

"నిజమేనమ్మా, నాకే గీతలూ కనబడవు" అంది అవ్వ. "కానీ నువ్వు రోజూ గురి తప్పకుండా తేనె మీదే వాలుతున్నావు. అంటే గీతలు ఉన్నట్టేగా!"

"ఈగ చెప్పింది, కోతి నమ్మింది!" అని రాయుడు పడీపడీ నవ్వాడు. మంద కూడా నవ్వింది. పెద్ద నవ్వాక నవ్వకపోతే ఎలా?

ఆ వారంలోనే ఒక పొద్దున అవ్వ మూడోసారి దగ్గింది. గొంతు చిరిగేలా దగ్గింది. గడ్డి అంచున మేస్తున్న బుజ్జి పరుగుకి కాలెత్తింది.

"ఆగు!" అని రాయుడు గద్దించాడు. "నా కూతురివి, నువ్వే పరిగెడితే నా మాటకి విలువేముంటుంది?"

"నాన్నా, భయమేస్తోంది."

"గడ్డిని చూసి భయమా? ఇదిగో చూడు!" అంటూ తనే గడ్డిలోకి నడిచాడు.

అవ్వ చేతికందిన ఎండుకొమ్మ విరిచి బుజ్జి వీపు మీదికి విసిరింది. దెబ్బకి బుజ్జి ఎగిరి పరుగందుకుంది. అది చూసి మంద అంతా పరిగెత్తింది. వెలి సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

రాయుడు మాత్రం కదలలేదు. ఎదురుగా గడ్డి లేచింది. గడ్డి దూకింది. మెడ మీద పడిన పంజా కూడా వాడి కంటికి గడ్డి రంగులోనే ఉంది. చివరిదాకా తన మాటే నెగ్గించుకున్నాడు మహానుభావుడు!

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ మందకి బుజ్జే పెద్ద. మోదుగపువ్వు రంగు దానికి ఈనాటికీ తెలియదు. అయినా అవ్వ దగ్గితే అది రంగు అడగదు. పరిగెడుతుంది.

నీతి: నీ కంటికి అందనిదాన్ని లేదనకు. నువ్వు లేదన్నావని పులి గడ్డి మేయదు.