దువ్వలపేట స్టేషన్లో బొగ్గింజను సామాను

దువ్వలపేట స్టేషన్లో గ్యాంగుమేన్ గౌరునాయుడికి ఒకటే నమ్మకం: ఆ లైను పొడుగునా తెలివంటూ ఉంటే తన క్వార్టరులోనే ఉందని. పెళ్ళాం సింహాలు, బావమరిది గంగులు కూడా అదే మాట. "పెద్దలు చెప్పినదానికి ఒక్క అక్షరం ఎక్కువ చెయ్యం, ఒక్క అక్షరం తక్కువ చెయ్యం" అని పొద్దున్నే ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకుని గానీ ముగ్గురూ టీ తాగరు.

ఒకరోజు ఇంజనీరుగారొచ్చారు. షెడ్డులో విప్పేసి ఉన్న పాత బొగ్గింజనుని చూసి, "ఈ సామాను తుక్కుకెందుకు? స్టేషనుకే వాడదాం," అన్నారు. "బాయిలరు నిలబెట్టి నీళ్ళ ట్యాంకు చెయ్యండి. కారుతుందేమో చూస్తూ ఉండండి. దీపం ప్లాట్‌ఫారం చివర పెట్టండి. కూత గొట్టం గేటు దగ్గర బిగించండి, బండి వచ్చేముందు కూత వినపడాలి. నాయుడూ, పని గాలికొదిలెయ్యకు! బాగా చేస్తే నిన్ను మేస్త్రీని చేస్తా."

మేస్త్రీ! ఇంకేముంది, గౌరునాయుడి కాళ్ళు నేలమీద నిలవలేదు.

ముందు దీపం పెట్టాడు. ప్లాట్‌ఫారం చివర ఒకటే గాలి. గాలికొదలొద్దన్నారు కదా! అంతే, దాని చుట్టూ నాలుగు గోడలు కట్టి, పైన రేకులేసి, సందులన్నీ మట్టితో మెత్తేశాడు.

"మావా, వెలుగు బయటికి రాదేం?" అంది సింహాలు.

"లోపల పట్టపగల్లా ఉందే! చూడాలనుకున్నవాళ్ళు గోడ పగలగొట్టుకుంటారు."

తరవాత బాయిలరు. నిలబెట్టి నింపగానే బొటబొటా కారింది. గంగులు ఎదురుగా పీటేసుకుని కూచున్నాడు. నీళ్ళు స్టేషన్‌ మాస్టారి గదిలోకి పోయి, ఆయన చెప్పులు తేలుకుంటూ బయటికొచ్చాయి.

"ఒరే గంగులూ, కారుతోందిరా!" అని అరిచారు మాస్టారు.

"చూస్తూనే ఉన్నానండి. పొద్దుట్నించీ రెప్ప వెయ్యలేదు!"

ఇక కూత. ఆవిరి లేనిదే ఆ గొట్టం కూయదు. సింహాలు దాని కింద ఇడ్లీ గుండిగ పెట్టి, మూతికి గుడ్డ చుట్టి, మంట ఎగదోసింది. అప్పుడే ప్యాసింజరు వస్తోంది. కుయ్‌... మంది గొట్టం! ఎదర ఇంకో బండి ఉందనుకుని డ్రైవరు హడలిపోయి బ్రేకేశాడు. ఒక పెట్టెలోంచి ఇంజనీరుగారు పక్కవాళ్ళ పులిహోర నెత్తిన ఒలకబోసుకుని దిగారు.

"ఎదర బండేదీ?" అన్నాడు డ్రైవరు.

"ఉందండి," అన్నాడు గౌరునాయుడు గర్వంగా. "బాయిలరు అక్కడ, దీపం ఆ గదిలో, కూత ఇక్కడ. కాస్త విడివిడిగా ఉంది, అంతే."

ఇంజనీరుగారి మొహం కందగడ్డయింది. "నీకు మేస్త్రీ పని కాదు, ఉన్న పని కూడా ఉండదు! ఇంజను సామాను ఇంజనుకే తగలెయ్యి!" అని అరిచి, మాస్టారి గదిలోకి నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళారు.

గౌరునాయుడికి ఏడుపొచ్చినంత పనయింది. ఈసారైనా చెప్పింది చెప్పినట్టు చేసి ఉద్యోగం నిలబెట్టుకోవాలి. అంతే, ముగ్గురూ కలిసి గొలుసు తెచ్చారు. ఒక కొస ఖాళీ అయిన బాయిలరుకి, ఇంకో కొస ప్యాసింజరు ఇంజనుకి తగిలించారు. పచ్చజెండా ఊగింది. బండి కదిలింది. దాని పక్కనే బాయిలరు ఢమఢమమంటూ, ప్లాట్‌ఫారం కంచె విరగ్గొట్టుకుంటూ బయల్దేరింది.

ఇంజనీరుగారు జుట్టు పీక్కుంటూ బయటికొచ్చి, దాని వెనక పరుగెత్తారు. "పోతోంది! పట్టుకోండ్రా! గట్టిగా పట్టుకోండి, వదలకండి!"

ఇంకేముంది! దేన్నో చెప్పలేదు, ఎదురుగా పరుగెత్తుతున్నది ఆయనే. గౌరునాయుడు నడుం, గంగులు కాళ్ళు, సింహాలు మెడ... ముగ్గురూ కలిసి ఇంజనీరుగారిని కదలకుండా పట్టేసుకున్నారు.

"మీరేం భయపడకండి బాబూ," అన్నాడు గౌరునాయుడు రొప్పుతూ, "చచ్చినా వదలం!"