కొరమీను కునుకు

ఒకప్పుడు చేపలకూ రెప్పలుండేవి. చీకటి పడితే చాలు, చెరువులో చేపలన్నీ కళ్లు మూసుకుని హాయిగా నిద్రపోయేవి. కాపలా చేప మాత్రం మేలుకునేది.

చెరువులో అదొక కట్టుబాటు. పిల్లలన్నిటినీ నాచు గుబురులో ఒకేచోట పడుకోబెట్టాలి. రోజుకొకరు వంతున రాత్రంతా కాపలా కాయాలి.

ఒకరోజు వంతు కొరమీనుది. అసలే దానికి గొప్పలెక్కువ. "కంటికి రెప్పలా కాస్తాను. నేనుండగా నీటిపాము ఇటు తొంగి కూడా చూడదు. పోయి పడుకోండి," అంది.

నడిరాత్రి చల్లటి నీళ్లు ఒళ్లు నిమిరాయి. ఒక్క క్షణమేగా అనుకుని కొరమీను కళ్లు మూసింది. ఆ క్షణం కాస్తా తెల్లారేదాకా సాగింది.

లేచి చూస్తే గుబురులో పరిగె పిల్లలు ఒక్కటీ లేవు.

పరిగమ్మ వచ్చింది. "అన్నా, నా పిల్లలేరీ?"

"రెప్ప వాల్చలేదమ్మా. పాము ఎటునుంచి వచ్చిందో ఏమో, ఎత్తుకుపోయింది," అని బొంకింది కొరమీను.

పరిగమ్మ ఏడ్చి ఏడ్చి, చివరికి అంది. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే అన్నా. రాత్రంతా మేలుకుని ఎంత అలిసిపోయావో. కాసేపు పడుకో."

ఆ మాటకి కొరమీను సిగ్గుతో చచ్చిపోయింది. నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది. తల బురదలోకి దించుకుంది.

"నేను నిద్రపోయానమ్మా. నీకు అబద్ధం చెప్పాను."

చేపలన్నీ చుట్టూ చేరాయి. వాటిలోంచి జెల్ల గొణిగింది. "నా వంతునాడు నేనూ కునుకు తీశాను. ఆ రోజు పాము రాలేదు, అంతే."

"నేనూ తీశాను," అంది బొమ్మిడాయి. ఒక్కొక్కటే ఒప్పుకున్నాయి. ఆఖరికి పరిగమ్మ కూడా తల దించుకుంది.

కొరమీను చెరువును పిలిచింది. "అమ్మా, ఈ రెప్పలు నాకొద్దు. తీసేసుకో."

"మళ్లీ అడిగితే ఇవ్వలేను," అంది చెరువు.

"అడగను."

దాని వెనకే జెల్ల వచ్చి నిలబడింది. తర్వాత బొమ్మిడాయి. అన్నిటికన్నా చివర, పిల్లల్లేని పరిగమ్మ.

అప్పటినుంచే ఏ చేపకూ రెప్పల్లేవు. నిద్రొచ్చినా సరే, దాని కళ్లు తెల్లవార్లూ తెరిచే ఉంటాయి.