గాలి చచ్చిన అరగంట

కాళ్ళాడించకుండా పడుకో, చెబుతాను. అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక బడి. ఆ బడిలో ఏడో తరగతికి సుగుణ టీచరు పాఠం చెప్పేది. పడవ నడిపే ఎర్రయ్య కూతురు నూకరత్నం ఆ తరగతిలోనే చదివేది.

ఒకరోజు తుఫాను పాఠం వచ్చింది. టీచరు పుస్తకం మూసేసి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళింది. నూకరత్నాన్ని ఒక్కదాన్నీ నిలబెట్టి, మిగతావాళ్ళని చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగమంది.

"మీరే తుఫాను. తిరుగుతూ తిరుగుతూ దీని మీదుగా జరగండి," అంది.

ముందువాళ్ళు నూకరత్నాన్ని ఒక పక్కకి తోసుకుంటూ పోయారు. అప్పుడు అది గుండ్రం మధ్యలో పడింది. అక్కడ ఎవరూ తగల్లేదు. ఆ తర్వాత వెనకవాళ్ళు వచ్చి రెండో పక్కకి తోశారు. పాపం, మోకాలు చెక్కుకుపోయింది.

"ఆ మధ్యలోదే తుఫాను కన్ను," అంది టీచరు. "అక్కడ గాలుండదు. ఎండ కూడా కాస్తుంది. అయిపోయిందనుకుని మోసపోకండి."

నెల తిరక్కుండానే నిజం తుఫాను వచ్చింది. ఊరంతా బడి మేడలో తలదాచుకుంది. పొద్దున్నుంచీ ఉత్తరపు గాలి తలుపులు బాదింది. మధ్యాహ్నానికి టక్కున ఆగింది. ఎండొచ్చింది.

"గాలి సచ్చిపోనాది. పడవ సూసొస్తాను," అని లేచాడు ఎర్రయ్య. ఇంకో నలుగురు లేచారు.

"నాన్నా, ఇది కన్ను!" అంది నూకరత్నం.

"కన్నా? మరి ముక్కేదే?" అని నవ్వాడు.

మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుంది. విదిలించుకున్నాడు. ఇక ఆపడం మానేసి ఆయన వెనకే నడిచింది.

"ఎనక్కెల్లవే!"

"నువ్వెళ్తే నేనూ వస్తాను."

పిల్లని ఒడ్డుకి ఎలా తీసుకెళ్తాడు? తిట్టుకుంటూ భుజానేసుకుని వెనక్కి తిరిగాడు. మిగతావాళ్ళూ గొణుక్కుంటూ తిరిగారు.

మెట్లెక్కారో లేదో, దక్షిణం నుంచి గాలి విరుచుకుపడింది. పడవలన్నీ కొట్టుకుపోయాయి. మనుషులు మిగిలారు.

ఎర్రయ్య కూతుర్ని వదలకుండా గోడకానుకుని కూర్చున్నాడు. మెల్లిగా అన్నాడు: "మా అయ్య కూడా అప్పటి తుపానులో గాలి సచ్చిపోనాదనే ఎల్లినాడే. ఎండొచ్చినాదని ఎల్లినాడు. ఎందుకు రాలేదో ఇన్నేళ్ళకి తెలిసినాది."

కథ కంచికెళ్ళింది, గాలి కడలికెళ్ళింది.
నువ్వు దుప్పట్లోకి, నేను నిద్దట్లోకి.