తొమ్మిదింటికి మూసిన పార్కు

గోరింటపాలెం మున్సిపాలిటీ మొత్తంలో తెలివిగలవాళ్ళు ఎవరయ్యా అని అడిగితే కామేశం ఏమాత్రం మొహమాటపడకుండా "ముగ్గురం ఉన్నామండి" అనేవాడు. ఒకడు తను, అంటే రెండో వార్డు పార్కు సూపర్‌వైజరు. ఇంకొకరు పెళ్ళాం తాయారు, గేటు తాళం ఆవిడ చేతిలో ఉండేది. మూడోవాడు బావమరిది తాతబ్బాయి, తోటమాలి. ముగ్గురి కాపురమూ పార్కు మూల రేకుల గదిలోనే.

"మిగతా పార్కులవాళ్ళకి ఆఫీసు నుంచి కాగితం వస్తే ఏం చేస్తారు? చదివి, దానికి సొంత బుర్ర కలుపుతారు, పాలల్లో నీళ్ళు కలిపినట్టు. మనం కలపం. కాగితం ఎంత చెబితే అంత" అనేవాడు కామేశం మీసం దువ్వుకుంటూ.

ఆ మాట నిజమే. కిందటేడు 'పార్కులో వీధికుక్క కనిపిస్తే వెంటనే పట్టుకోవలెను' అని కాగితం వచ్చింది. తాతబ్బాయి పట్టుకున్నాడు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో కాగితంలో లేదు. ఇంకేముంది, రెండు రోజులు ఆ కుక్కని చంకలో పెట్టుకునే మొక్కలకి నీళ్ళు పోశాడు, దాన్ని పక్కలో వేసుకునే పడుకున్నాడు. మూడోరోజు కుక్కకే విసుగొచ్చి, వాణ్ణి కరిచి వెళ్ళిపోయింది. "వదిలింది అదే బావా, నేను కాదు" అన్నాడు తాతబ్బాయి ఇంజెక్షన్ చేయించుకుని వచ్చి. కామేశం వాడి భుజం తట్టాడు.

అలాంటి పార్కుకి ఒక గురువారం పొద్దున్న పదింటికి కమిషనర్ మేడమ్ వచ్చింది. నడిచేవాళ్ళు ఎనిమిదిన్నరకే ఇళ్ళకి వెళ్ళిపోతారు కాబట్టి లోపల పిట్ట కూడా లేదు.

"ఏంటయ్యా, ఈ పార్కుకి ఎవరూ రారా?" అంది మేడమ్.

"వస్తారండి. వచ్చి వెళ్ళిపోతారండి" అన్నాడు కామేశం.

"వెళ్ళిపోతే నాకెలా కనిపిస్తారు? అవతల చెత్త లారీలు పెట్టుకోడానికి జాగా లేక ఏడుస్తున్నాం. జనం వాడని పార్కు ఎందుకు? సోమవారం సరిగ్గా పదింటికి మళ్ళీ వస్తా. పార్కు నిండా జనం ఉండాలి. ఏదో ఒక కార్యక్రమం జరుగుతూ ఉండాలి. లేకపోతే ఇక్కడ లారీల షెడ్డు వేయించేస్తా."

అని వెళ్ళబోతూ గేటు దగ్గర ఆగింది. "ఇదేంటి, పదయినా గేటు బార్లా తెరిచి ఉంది? బోర్డు మీద ఐదు నుంచి తొమ్మిది అని ఉందిగా. తొమ్మిదయ్యేసరికి గేటు మూసెయ్యాలి. ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా తియ్యకూడదు."

అవన్నీ ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చి జీపెక్కింది.

కామేశానికి ఆ పూట అన్నం సయించలేదు. పదకొండేళ్ళుగా పెంచిన పార్కు. కనకాంబరాల మడి తన చేత్తో వేసింది. ఏ మొక్కకి ఎండ పడదో, ఏ బెంచీ మీద ఏ పెద్దాయన కూచుంటాడో, అన్నీ తెలుసు. అక్కడ చెత్త లారీలు నిలబడటం తలుచుకోలేకపోయాడు.

"పదింటికి జనం ఉండాలి. తొమ్మిదికి గేటు మూసెయ్యాలి. మధ్యలో ఒక గంట మిగిలిపోతోంది బావా. దాన్నేం చేద్దాం?" అన్నాడు తాతబ్బాయి.

"అదే నాకూ అందడం లేదురా."

తాయారు మజ్జిగ పోస్తూ అంది, "గేటు మూసెయ్యమంది గానీ, ముందు జనాన్ని పంపించెయ్యమని ఎక్కడైనా రాసిందా?"

కామేశం కాగితం తీసి చదివాడు. తిప్పి వెనకవైపు కూడా చూశాడు. లేదు.

"ఏమేవ్, నీది మున్సిపాలిటీలో ఉండాల్సిన బుర్ర కాదే. అసెంబ్లీలో ఉండాలి" అన్నాడు మెచ్చుకోలుగా.

"ఉంటాను గానీ, తొమ్మిదిదాకా వాళ్ళని ఆపడం ఎలాగ?"

"జావ పోస్తామంటే సరి" అన్నాడు తాతబ్బాయి. "వీధి చివర సూరమ్మ రాగిజావ బండి ఉందిగా. ఊరికే పోస్తామంటే తొమ్మిదేం ఖర్మ, దీపావళిదాకా ఆగుతారు."

అంతే. సుద్దముక్కతో గేటు పక్క గోడ మీద రాసేశారు, 'సోమవారం ఉదయం సరిగ్గా తొమ్మిది గంటలకు అందరికీ ఉచితంగా రాగిజావ' అని.

సోమవారం తెల్లారేసరికి చూడాలి పార్కు. రోజూ నడిచేవాళ్ళతో పాటు, పుట్టి బుద్ధెరిగాక వీధి చివరిదాకా కూడా నడవనివాళ్ళు వచ్చారు. ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకున్నారు. ఒకాయన గ్లాసు చాలదేమోనని క్యారేజీ తెచ్చాడు. కామేశానికి గుండె నిండిపోయింది.

సరిగ్గా తొమ్మిదయింది. సూరమ్మ జావ బండి తోసుకుంటూ వచ్చి గేటు బయట ఆపింది. తాయారు గేటు మూసి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

జనంలోంచి పాపారావు మాస్టారు ముందుకొచ్చాడు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆ చుట్టుపక్కల అందరికీ ఆయనంటే భయం.

"ఏమయ్యా కామేశం, జావేది?"

"అదిగోనండి, బయట."

"గేటు తియ్యి మరి."

"తొమ్మిది దాటిందండి."

"సరే, జావ బిందె లోపలికి తెప్పించు."

కామేశం వినయంగా బోర్డు చూపించాడు. 'తినుబండారములు, పానీయములు లోపలికి తేరాదు' అని ఉంది.

"అయితే మేం తాగేదెలా?"

కామేశం ఒక్క క్షణం ఆలోచించాడు. "జావ లోపలికి రాకూడదు గానీ, మాస్టారూ, మీ నోరు బయటికి వెళ్ళకూడదని ఎక్కడా లేదండి. ఇటు ప్రహరీ గ్రిల్లు ఉంది. ఊచల మధ్య నుంచి తల బయటపెట్టండి. సూరమ్మ పోస్తుంది."

మాస్టారు తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. కానీ ఆకలి ఆకలే. పైగా సూరమ్మ మూత తీసింది, వాసన వచ్చింది. ఒకడు తల పెట్టాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఇంకేముంది, కాసేపటికి గ్రిల్లు పొడుగునా నలభై తలకాయలు బయటికి వచ్చేశాయి. సూరమ్మ గరిటె పట్టుకుని వరసగా పోసుకుంటూ పోతోంది. రోడ్డు మీద పోయే ఆటో అతను ఇదేదో మొక్కు అనుకుని, బండి ఆపి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు.

తాతబ్బాయికి ఒక అనుమానం వచ్చింది. "బావా, తాగిన జావ కడుపులోకి పోతోంది. కడుపు పార్కులో ఉంది. అంటే జావ లోపలికి వచ్చేసినట్టే కదా?"

కామేశం ఉలిక్కిపడ్డాడు. బాగా ఆలోచించి, "జావ మనిషి లోపల ఉందిరా. మనిషి పార్కు లోపల ఉన్నాడు. మనిషికి తాళం వేసే పని మనది కాదు" అన్నాడు. తాతబ్బాయి ఊపిరి పీల్చుకున్నాడు.

జావ అయిపోయింది. ముప్ఫైతొమ్మిది తలలు వెనక్కి వచ్చాయి. పాపారావు మాస్టారిది రాలేదు. చెవులు అడ్డం.

"వెళ్ళేటప్పుడు ఇవే చెవులు కదండీ" అంది తాయారు.

"వెళ్ళేటప్పుడు వెనక్కి వంగాయి. ఇప్పుడు ముందుకి వంగుతున్నాయి. నీతో లెక్కలేంటి, ముందు ఊచ కొయ్యండి" అని అరిచాడు మాస్టారు రోడ్డు వైపు చూస్తూ.

"కొయ్యకూడదండి. మున్సిపాలిటీ ఆస్తి కోస్తే కేసు" అన్నాడు కామేశం.

"విప్పితే కేసు లేదు కదా బావా" అన్నాడు తాతబ్బాయి.

లేదు. వాడు స్పానరు తెచ్చి గ్రిల్లు ముక్కకి నాలుగు వైపులా బోల్టులు విప్పేశాడు. ముక్క ఊడి వచ్చేసింది, మాస్టారితో సహా. ఆయన రెండు చేతులతో ఆ గ్రిల్లుని మెడ చుట్టూ ఎత్తి పట్టుకుని, కిటికీ తొడుక్కున్న మనిషిలాగా పార్కు మధ్యలో నిలబడ్డాడు.

ఇప్పుడు ప్రహరీకి ఇంత కంత. జనం అటు పరిగెత్తబోయారు. ఈలోగా, సూరమ్మ బిందె అడుగు నాకుతున్న గేదె ఒకటి తల ఎత్తి చూసింది. కంతలోంచి పచ్చగడ్డి కనిపించింది. అంతే, దూరింది. ముందు కాళ్ళు, మెడ, పొట్ట సగం వచ్చాయి. అక్కడ ఇరుక్కుంది. ఇటూ రాదు, అటూ పోదు.

"అమ్మయ్య, కంత మూసుకుంది" అన్నాడు కామేశం.

"పశువులకు ప్రవేశం లేదని బోర్డు ఉంది కదండీ" అంది తాయారు.

ముగ్గురూ గేదె దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. తాతబ్బాయి దాని పొట్ట మీద జాన పెట్టి కొలిచాడు. "ముందు సగం తప్పు చేసింది బావా. వెనక సగం చెయ్యలేదు."

"తోక ఎటుంది?"

"బయటే."

"తోక బయట ఉంటే గేదె బయట ఉన్నట్టే" అని తేల్చేశాడు కామేశం.

టైము చూస్తే పదికి పది నిమిషాలు. జనం ఉన్నారు. నిండుగా ఉన్నారు. కానీ కార్యక్రమం లేదు. ఆ పార్కులో వారం వారం జరిగేది ఒక్కటే, నవ్వుల క్లబ్బు. కామేశం చేతులు జోడించి జనం మధ్యకి వెళ్ళాడు.

"అయ్యా, అమ్మా, అందరూ వరసలో నిలబడండి. ఇప్పుడు నవ్వాలి."

"నవ్వడమా? మా ఆయన ఆఫీసుకి వెళ్ళాలి, ఇంటి తాళం నా దగ్గర ఉంది" అంది ఒకావిడ.

"నాకు బీపీ మాత్ర టైము దాటిపోయిందిరా" అన్నాడు ఇంకో పెద్దాయన.

"తర్వాత వేసుకుందురు గాని. మేడమ్ వచ్చేసరికి నవ్వు కనపడకపోతే ఇక్కడ లారీల షెడ్డు కడతారండి. మీ కాళ్ళు పట్టుకుంటాను, కొంచెం నవ్వండి" అన్నాడు కామేశం. నిజంగానే కాళ్ళు పట్టుకునేవాడే, కానీ నలభైమందివి ఎనభై కాళ్ళు, ఎవరివి ముందు పట్టుకోవాలో తెలియలేదు.

ఎవరూ నవ్వలేదు. మాస్టారు గ్రిల్లు బరువు మొయ్యలేక, దాన్ని ఎక్కడైనా ఆనిద్దామని వెతికి, వెతికి, చివరికి తీసుకెళ్ళి గేదె వీపు మీద ఆనించాడు. గేదె మెడ తిప్పి ఆయన్ని చూసింది. ఆయన దాన్ని చూశాడు. ఇద్దరూ ఇరుక్కున్నవాళ్ళే. గేదె తీరిగ్గా నాలుక చాపి, ఆయన బట్టతల కింద నుంచి పైదాకా ఒక్కసారి నాకింది.

"లెక్క సరిపోయింది" అన్నాడు మాస్టారు నీరసంగా.

బీపీ పెద్దాయన ముందు నవ్వాడు. ఇంటి తాళం ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. ఇంకేముంది, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. కడుపులు పట్టుకుని, బెంచీల మీద పడి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. ఆఖరికి మాస్టారు కూడా, గ్రిల్లు గలగలలాడేలాగా.

అప్పుడు వచ్చింది మేడమ్ జీపు.

"తలుపు తియ్యమ్మా" అంది మేడమ్ గేటు బయట నుంచి.

"ఎవరొచ్చి అడిగినా తియ్యకూడదండి" అంది తాయారు.

"ఎవరు చెప్పారు?"

"మీరేనండి."

"మరి నేనే కదా తియ్యమంటున్నాను."

"అప్పుడు రాసిచ్చారండి. ఇప్పుడు ఊరికే అంటున్నారు."

మేడమ్ జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని, 'గేటు తెరవవలెను' అని రాసి సంతకం పెట్టి ఇచ్చింది. తాయారు పాత సంతకం, కొత్త సంతకం పక్కపక్కన పెట్టి చూసి, అప్పుడు తాళం తీసింది.

మేడమ్ లోపలికొచ్చి నిలబడిపోయింది. నిండా జనం. అందరూ నవ్వుతున్నారు. గేదె సగం ఉంది. మెడలో గ్రిల్లుతో ఒక పెద్దమనిషి ఉన్నాడు. ఏం అడగాలో తెలియక ఆయన్నే అడిగింది.

"ఈ పార్కు ఉండాలంటారా, తీసెయ్యమంటారా?"

"పార్కు ఉండాలమ్మా" అన్నాడు మాస్టారు. "మా ఆవిడ పోయాక నేనిలా నవ్వింది ఇవాళే. పార్కు ఉండాలి. ఈ ముగ్గురికీ మాత్రం ఇంకెప్పుడూ కాగితం ఇవ్వకండి."

"షెడ్డు కడితే మా గుమ్మాల ముందు చెత్త నీళ్ళు పారతాయి. మేం ఒప్పుకోం" అన్నారు ఆడవాళ్ళంతా.

మేడమ్ తల పట్టుకుంది. కాసేపటికి తనకీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో మాస్టారు చెప్పిన రెండో మాట మర్చిపోయింది. కాగితం తీసి రాసింది, 'రెండో వార్డు పార్కును ఉన్నది ఉన్నట్టుగా ఉంచవలెను. ఎటువంటి మార్పూ చేయరాదు.' కామేశం చేతిలో పెట్టి, జీపెక్కి వెళ్ళిపోయింది.

కామేశం పైకి చదివాడు. పార్కు నిలబడింది. కనకాంబరాలు నిలబడ్డాయి. కంట్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుందామని చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి సగంలో ఆపేశాడు.

"తాతబ్బాయ్, కదలకు. తాయారూ, నువ్వూనే. ఉన్నది ఉన్నట్టు ఉంచాలిట."

ఇద్దరూ ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు. తాతబ్బాయి ఒక కాలు ఎత్తి ఉన్నాడు, దించలేదు. తాయారు ఆవలించబోతోంది, నోరు అలాగే ఉంచేసింది.

"అయ్యా, అమ్మా, మీరు కూడా ఎక్కడివాళ్ళక్కడే" అన్నాడు కామేశం పెదవులు కదపకుండా. ఎవరు వింటారు? గేటు తెరిచే ఉంది. బీపీ పెద్దాయన మాత్ర కోసం పరిగెత్తాడు. ఇంటి తాళం ఆవిడ వెళ్ళిపోయింది. మాస్టారు గ్రిల్లుతో సహా వెల్డింగు షాపుకి నడిచాడు. గేదె ఒక్క గుంజు గుంజుకుని వెనక్కి పోయింది. పార్కు మొత్తం ఖాళీ అయిపోయింది. ముగ్గురే మిగిలారు, ఉన్నవాళ్ళు ఉన్నట్టు.

అంతలో కామేశం కంటి నీటిబొట్టు బుగ్గ మీంచి జారి, గడ్డిలో పడింది.

"బావా, మార్పు వచ్చేసింది" అన్నాడు తాతబ్బాయి, ఒంటికాలి మీదే.

"చూశాన్రా. ఏమేవ్, కనకాంబరాలకి ఎడమ పక్క, మూడో గడ్డిపరక మీద ఉంది" అన్నాడు కామేశం. "ఎవరూ చూడకముందే దాన్ని తీసి మళ్ళీ నా కంట్లో పెట్టెయ్. కదలకుండా రా."