వెనక ఇరుసు మూలుగు

చింతలమెట్ట జమీందారు మార్తాండ భూపతిగారికి తాతలనాటి కారొకటి ఉండేది. ఆయన ఎక్కి కూర్చుంటే చాలు, దాని వెనక ఇరుసు కుయ్యోమని మూలిగేది. పట్నం మెకానిక్కులు వచ్చి నడిపి చూస్తే మాత్రం చప్పుడే లేదు.

"ఇదంతా డ్రైవరు సన్యాసి నిర్వాకమే!" అని దొరవారు తేల్చేశారు. "ఇరుసు పాడుచేసినవాడు కారు వెనకాలే నడవాలి!"

కారుకి కొత్త డ్రైవరు వచ్చాడు. నెల తిరిగేసరికి సన్యాసి పాదాలు పుళ్లు పడ్డాయి.

అది చూడలేక, ఎడ్లబళ్లు చేసే వడ్రంగి పైడయ్య దివాణానికి వచ్చి, "నానోపాలి సూత్తాను బాబూ" అన్నాడు.

దొరవారు అరుగు మీద కూర్చున్నారు. ఖాళీ కారు, వెనకాలే సన్యాసి నడుస్తుండగా, చప్పుడు చేయకుండా ఒక చుట్టు తిరిగొచ్చింది. పైడయ్య వెనక సీట్లో ఒక వడ్లబస్తా వేయించాడు. అప్పుడూ చప్పుడు లేదు. రెండో బస్తా వేసి నడిపించేసరికి ఇరుసు కుయ్యోమంది.

"ఆపండి!" అని దొరవారు గావుకేక పెట్టారు. "ఇరుసు విరిగిపోదూ? అంత బరువెక్కించిన బుద్ధిలేనివాడెవడు?"

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "తవరు కూకునే చోటే ఏసినాను బాబూ. రోజూ ఆ ఇరుసు మోసేదానికన్నా ఒక్క గింజ ఎక్కువ ఎయ్యలేదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది దొరవారికి. చూపు ఎటు తిప్పుకోవాలో తెలీక దించుకుంటే, అది సన్యాసి పాదాల మీద పడి అక్కడే ఆగిపోయింది.

మర్నాడు కారు ఏ చప్పుడూ లేకుండా ఊళ్లోంచి వెళ్లింది. నడుపుతున్నది సన్యాసి. వెనకాల, చెప్పుల్లేకుండా, తల దించుకుని నడుస్తున్నది దొరవారు.