పంచదార పలుకు

ఏకాదశినాడు అన్నం ముట్టవద్దని అవధానిగారు శిష్యులకు చెప్పారు. యజ్ఞేశ్వరం ముట్టలేదు. జీడిపప్పు వేసిన ఉప్మా రెండుసార్లు మారు వడ్డించుకుని, పైన గ్లాసుడు మజ్జిగ తాగి, తేన్చుకుంటూ వచ్చి పాఠానికి కూర్చున్నాడు. తోటివాళ్ళు నవ్వారు. తర్కం చదివినవాడు ఊరుకుంటాడా?

"గురువుగారూ, మీరు అన్నం వద్దన్నారు. ఉప్మా వద్దనలేదు. చెప్పిన మాట జవదాటనివాడికి దోషం ఎలా అంటుతుందో సెలవివ్వండి" అన్నాడు.

ఇలాంటి కొంటె ప్రశ్నలకు అవధానిగారు మామూలుగా నవ్వేసి శ్లోకంలోకి వెళ్ళిపోయేవారు. ఆ రోజు నవ్వలేదు. పుస్తకం మూశారు. "మా పక్కింటి మాణిక్యాంబ కూడా చెప్పిన మాట జవదాటని మనిషే నాయనా" అని మొదలుపెట్టి, ఇలా చెప్పుకొచ్చారు.

మాణిక్యాంబకు ఒక్కతే కూతురు, హైమ. తొలిచూలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేసి, డాక్టరమ్మ తల్లీకూతుళ్ళను కూర్చోబెట్టి చెప్పింది. "షుగర్ ఉందమ్మా. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి వస్తుంది. కాన్పయ్యాక చాలామందికి పోతుంది. అందాకా అశ్రద్ధ చేస్తే మాత్రం బిడ్డకు ముప్పు. షుగర్ పూర్తిగా మానెయ్యాలి. అన్నం తగ్గించాలి, తిన్నాక కాసేపు నడవాలి."

మాణిక్యాంబ బెంబేలెత్తిపోయింది. ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న పంచదారంతా డబ్బాతో సహా తెచ్చి అవధానిగారి ఇంట్లో ఇచ్చేసింది. బజారుకు వెళ్ళి అచ్చుబెల్లం తెచ్చుకుంది. ఇక కూతురికిచ్చే పాలలో బెల్లం, సున్నుండల్లో బెల్లం. కడుపు చలవకని చలిమిడి చేస్తే అందులోనూ బెల్లమే. బెల్లం తింటే రక్తం పడుతుందని వాళ్ళ అమ్మ చెప్పేది. కూతురి మీద ప్రేమ ఆ వంటింట్లో పాకంలా ఉడికింది.

హైమకే ఒకనాడు అనుమానం వచ్చింది.

"అమ్మా, బెల్లం తినొచ్చో లేదో డాక్టరమ్మని అడుగుదామే?"

"అడిగితే అదీ వద్దంటుంది! అడగడం దేనికే?" అంది తల్లి.

మళ్ళీ పరీక్షకు వెళ్ళారు. షుగర్ తగ్గకపోగా పెరిగింది. "మానేశారా?" అని అడిగింది డాక్టరమ్మ. "అయ్యో, మా ఇంట్లో పంచదార పలుకు లేదండీ!" అంది మాణిక్యాంబ. "మరి ఏం తింటోంది?" హైమ నోరు తెరవబోయింది. తల్లి మోచేత్తో పొడిచి, "అన్నం సగానికి తగ్గించానండీ" అంది. అదీ నిజమే. ఇన్సులిన్ మొదలుపెడదామంటే, కడుపులో బిడ్డ ఉండగా సూదులేమిటని భయపడి, మరి కొన్నాళ్ళు చూద్దామని బతిమాలుకుని కూతుర్ని ఇంటికి తీసుకొచ్చేసింది.

పొట్ట బాగా పెరిగింది. చూసినవాళ్ళంతా బిడ్డ బొద్దుగా ఉంటాడన్నారు. మాణిక్యాంబ పొంగిపోయి రోజూ దిష్టి తీసింది.

షుగర్ వల్ల బిడ్డ కడుపులోనే మరీ బరువు పెరిగాడు. కాన్పులో తల వచ్చింది, భుజం రాలేదు. ఆ కాసేపట్లో తల్లి దక్కుతుందో బిడ్డ దక్కుతాడో తెలియక మాణిక్యాంబ తలుపు బయట దేవుళ్ళందరికీ మొక్కుకుంది. ఇద్దరూ దక్కారు. కాని బిడ్డను లాగేటప్పుడు మెడ దగ్గర నరం సాగింది. కుడిచెయ్యి వేలాడిపోయింది. కొందరికి కోలుకుంటుందన్నారు. వీడికి ఇంకా కోలుకోలేదు.

"అన్నప్రాశనకి నేనే వెళ్ళాను" అన్నారు అవధానిగారు. "పుస్తకం, కలం, బంగారం వరసగా పెట్టారు. వాడు ఎడమచేత్తో దేకి ఎడమచెయ్యే చాపాడు. ఎవరో చుట్టాలావిడ, తెలియక, 'కుడిచేత్తో తియ్యరా నాన్నా, కుడిచేత్తో' అంది. మాణిక్యాంబ ముందుకు వంగి పుస్తకాన్ని వాడి ఎడమపక్కకి జరిపింది. నా బతుకులో చాలా అన్నప్రాశనలు చేయించాను నాయనా. మంత్రం నోటికి రానిది ఆ ఒక్కరోజే."

యజ్ఞేశ్వరానికి మనసు ఒప్పలేదు. జాలిపడుతూనే, "అందులో ఆవిడ తప్పేముంది గురువుగారూ? డాక్టరమ్మ బెల్లం మాట ఎత్తనే లేదు కదా?" అన్నాడు.

"ఆవిడా అదే అంటుంది" అన్నారు అవధానిగారు. "రోజూ వాడి కుడిచేతికి నూనె రాస్తూ."