నేరేడుపళ్ళ గవరమ్మ చెయ్యి

గాజులు తొడిగించుకోవడంలో మా లంక ఆడవాళ్ళకున్న మర్యాద పద్నాలుగు లోకాల్లో ఎక్కడా లేదు. అంటే, తక్కిన పదమూడు లోకాలూ మావాళ్ళెవరూ చూడలేదనుకోండి. ఈ లోకంలోనూ ఏరు దాటి సంతదాకా వెళ్ళినవాళ్ళే తక్కువ. అయినా ఆ మర్యాద ఎలా వచ్చిందో వినండి.

ఏడు తరాల కిందట, ఒకటి అటూ ఇటూగా, గవరమ్మ అని ఒక గాజులావిడ ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. పుట్టినప్పుడే ఆమె ముంజేతి మీద ఆవగింజంత నీలిమచ్చ. ఆవగింజ శనగగింజయింది. శనగగింజ నేరేడుపండయింది. ఒకటి మూడయింది, మూడు ముప్ఫై అయ్యాయి. నొక్కితే మెత్తగా లోపలికి పోయేవి. వదిలితే పిలవని చుట్టాల్లా మళ్ళీ వచ్చి కూర్చునేవి. పిల్లలు "నేరేడుపళ్ళ గవరమ్మా!" అని అరిచేవాళ్ళు.

"కొరికారంటే పళ్ళూడతాయర్రా!" అని నవ్వేది ఆమె.

ఆ కాయలు వేళ్ళదాకా పాకాక వైద్యుడు చూశాడు. "ఇది అంటుకునే జబ్బు కాదు. నెత్తురు నాళాలే ఇలా కాయలు కట్టాయి. కడుపులోనూ ఉన్నాయి, అక్కడ నెత్తురు కారిపోతోంది. మందు లేదు" అన్నాడు. లంకంతా విన్నది. విని తలాడించింది. తలాడించి తలుపేసుకుంది.

గవరమ్మ గంపెత్తుకుని బయల్దేరింది. "చెయ్యివ్వండమ్మా, నొప్పి తెలీనివ్వను!"

మొదటి ఇంట్లో, "గంప అరుగుమీద పెట్టి దూరంగా నిలబడు. మేమే తొడుక్కుంటాం" అన్నారు.

రెండో ఇంట్లో, "గాజులూ వద్దు, నువ్వూ వద్దు" అన్నారు.

మూడో ఇంట్లో తలుపే తియ్యలేదు.

మూడు రోజులు తిరిగింది. మూడు నెలలు తిరిగింది. ఒక్క చెయ్యీ రాలేదు. పస్తులకి ఓర్చుకుంది గానీ, దానికి ఓర్చుకోలేకపోయింది. పదేళ్ళప్పట్నుంచీ రోజూ ఎవరో ఒకరి చెయ్యి పట్టుకుని బతికిన మనిషి. మొహం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. పదడుగులేస్తే ఆయాసం.

అప్పుడు ఆ వీధిలోనే ఉండే అచ్చియ్యమ్మ కోడలు నూకాలుకి నెలలు నిండాయి. చేతులు వాచి, సీమంతం గాజులు బిగుసుకుపోయాయి. వేళ్ళు నల్లబడ్డాయి. పగలగొడదామంటే కడుపుతో ఉన్న పిల్ల, అశుభం. చేసేదిలేక గవరమ్మని పిలిచారు.

అచ్చియ్యమ్మ ఒక గుడ్డ విసిరింది. "చేతికిది చుట్టుకుని తియ్యి."

"చుట్టుకుంటే ఎముక ఎక్కడుందో తెలీదమ్మా."

"ఆ కాయలు నా కోడలికి తగిలితే?"

"అత్తా, నా వేళ్ళు ఊడేలా ఉన్నాయి. ఆ గుడ్డేదో నీ నోటికి చుట్టుకో!" అంది నూకాలు.

గవరమ్మ ఆముదం రాసింది. ఎముక నొక్కి, బొటనవేలు మడిచి, ఒక్కో గాజూ జార్చింది. ఒక్కటీ పగల్లేదు. పనయ్యాక కూడా నూకాలు ఆ చెయ్యి వదల్లేదు.

"ఇవి నొప్పెడతాయా పిన్నీ?" అంటూ ఒక నీలికాయని వేలితో నిమిరింది.

అంతవరకూ ఎవరూ అడగని మాట.

ఆ వారమే నూకాలు పురిటిగదిలోకి వెళ్ళింది. రెండిళ్ళవతల గవరమ్మ మంచం పట్టింది. జనం వచ్చారు, గుమ్మందాకా. గంజి పెట్టారు, గుమ్మంలోనే.

"చెయ్యివ్వండమ్మా" అంది గవరమ్మ. ఎవరూ కదల్లేదు.

"చెయ్యివ్వండమ్మా" అంది. అందరూ తలలు దించుకున్నారు.

మూడోసారి అనడానికి ఊపిరి చాల్లేదు.

గవరమ్మ పోయిన సంగతి పురిటిస్నానం అయ్యాక గానీ నూకాలుకి తెలియలేదు. "రెండిళ్ళవతలే కదా అత్తా. నాకొక్క మాట చెప్పకపోయారా!" అంది.

ఏడాదికి ఇంకో గాజులావిడ లంకకొచ్చింది. నూకాలు గాజుల వంక చూడలేదు. ముందు ఆవిడ చెయ్యి పట్టుకుంది. మూడు ఊపిర్లు పీల్చేదాకా వదల్లేదు. వెనకే అచ్చియ్యమ్మా పట్టుకుంది.

ఇప్పటికీ మా లంకలో అంతే. ముందు గాజులావిడ చెయ్యి పట్టుకోవాలి. "గవరమ్మకి" అనాలి. మూడు ఊపిర్లు పీల్చాలి. ఆ తర్వాతే గాజు.

ఇంకొక్కటుంది, చెప్పడానికి సిగ్గుగా ఉంది. గాజులావిడ చేతిమీద ఏ చిన్న మచ్చ కనిపించినా, మావాళ్ళు ఆ మూడు ఊపిర్లూ గబగబా పీల్చేస్తారు.